ఒక్క హెడర్‌కి ఎన్ని ఫ్యాన్లు పెట్టొచ్చు? స్ప్లిటర్ బిగించే ముందు వేసుకోవాల్సిన లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు. దాని మీద ఫ్యాన్ ప్లగ్గు తగిలించే పిన్నుల వరసలు (హెడర్లు) చూస్తే, సీపీయూ ఫ్యాన్ హెడర్ ఒకటి, సిస్టమ్ ఫ్యాన్ హెడర్ ఒకటి, అంతకుమించి లేవు. కొత్త క్యాబినెట్‌లో ఆరు 120 ఎంఎం ఫ్యాన్లు పెట్టాలనుకుంటున్నారు. ముందు మూడు, వెనక ఒకటి 4 పిన్‌వి, లేబుల్ మీద 12 వోల్టులు, 0.18 ఆంపియర్లు అని ఉంది. పైన పెట్టాలనుకుంటున్న రెండూ పాత సిస్టమ్‌లోంచి తీసిన 3 పిన్ ఫ్యాన్లు, ఒక్కోటి 0.25 ఆంపియర్లు. షాపులో ఒకటికి ఆరు స్ప్లిటర్, అంటే ఒక హెడర్‌ని ఆరు ఫ్యాన్లకి పంచే కేబుల్, చేతిలో పెట్టి "అన్నీ దీనికే పెట్టేయండి" అన్నారు. మీ ఫ్రెండేమో అలా పెడితే బోర్డు కాలిపోతుందన్నాడు. మీరుండేది ఖమ్మంలో, డాబా కింద పై గదిలో, ఏసీ లేకుండా.

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. స్ప్లిటర్ ప్రమాదకరమైన వస్తువేమీ కాదు, నేను కట్టే సిస్టమ్స్‌లో దాదాపు అన్నింటిలోనూ వాడతాను. కానీ మీ ఆరు ఫ్యాన్లూ ఒకే హెడర్‌కి మాత్రం పెట్టకండి. ఎందుకో తెలిస్తే ఇక ముందు ఏ క్యాబినెట్‌కైనా మీ లెక్క మీరే వేసుకోగలరు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

హెడర్ చేసే పనులు రెండు. ఒకటి ఫ్యాన్‌కి కరెంటు ఇవ్వడం. రెండోది ఎంత వేగంగా తిరగాలో చెప్పడం. స్ప్లిటర్‌తో వచ్చే గందరగోళమంతా ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేదే. చెప్పే మాటను ఆరుగురికి పంచినా చెప్పేవాడికి పెద్ద భారం ఉండదు. కరెంటు అలా కాదు, ప్రతి ఫ్యాను తన వాటా లాక్కుంటుంది.

4 పిన్ ప్లగ్గు తీసుకుని చూడండి. మొదటి పిన్ గ్రౌండ్, రెండోది 12 వోల్టులు. మూడోది ఫ్యాను తన వేగాన్ని బోర్డుకి చెప్పుకునే తీగ, దీన్నే టాక్ అంటారు. నాలుగోది బోర్డు ఫ్యాన్‌కి వేగం చెప్పే తీగ, పీడబ్ల్యూఎం. ఈ నాలుగో తీగలో సంకేతం సెకనుకి దాదాపు 25,000 సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. మనిషి చెవికి 20,000 పైన వినపడదు కాబట్టి, మోటారు నుంచి సన్నటి కూత రాకుండా అలా ఎంచుకున్నారు. ఆన్‌లో ఉండే సమయం 40 శాతమైతే ఫ్యాను నెమ్మదిగా, 100 శాతమైతే పూర్తి వేగంతో తిరుగుతుంది. 12 వోల్టుల తీగ మాత్రం ఎప్పుడూ 12 మీదే ఉంటుంది.

3 పిన్ ఫ్యాన్‌కి ఆ నాలుగో తీగ లేదు. దాని వేగం తగ్గించాలంటే 12 వోల్టులనే 9కో 7కో తగ్గించి ఇవ్వాలి. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగుల తెరలో) డీసీ మోడ్ అని కనపడేది ఇదే. మీ కేసులో అసలు చిక్కు ఇక్కడే ఉంది, మళ్ళీ వస్తాను.

ముందు కరెంటు లెక్క. మామూలు మదర్‌బోర్డుల మీద ఒక ఫ్యాన్ హెడర్ ఇవ్వగలిగింది 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. కొన్ని బోర్డుల్లో వాటర్ పంపు కోసం పెట్టే హెడర్లు 2 లేదా 3 ఆంపియర్ల దాకా ఇస్తాయి. మీ బోర్డు మాన్యువల్‌లో ఫ్యాన్ హెడర్ల పేజీలో ఈ అంకె ఉంటుంది. లేకపోతే 1 ఆంపియర్ అనే అనుకోండి. ఇప్పుడు మీ ఫ్యాన్లు చూద్దాం. 0.18 చొప్పున నాలుగు అంటే 0.72. 0.25 చొప్పున రెండు అంటే 0.50. మొత్తం 1.22 ఆంపియర్లు. హద్దు దాటిపోయింది. మీ ఫ్రెండ్ భయపడింది ఇందుకే, ఆ భయం సరైనదే.

లేబుల్ మీద అంకె మామూలుగా పూర్తి వేగంలో తీసుకునేది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఫ్యాను తీసుకునేది చాలా తక్కువ. వేగం సగమైతే గాలిని తోయడానికి పట్టే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. "ఎలాగూ నెమ్మదిగానే తిప్పుతాను కదా, 1.22 అయితే ఏమైంది?" అని చాలామంది అడుగుతారు. నేను ఒప్పుకోను. సిస్టమ్ ఆన్ చేసిన మొదటి క్షణాల్లో చాలా బోర్డులు ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పుతాయి. పైగా ఆగి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టేటప్పుడు తిరుగుతున్నప్పటికంటే ఎక్కువే లాగుతుంది. ఆరు ఫ్యాన్లూ ఒకేసారి మొదలవుతాయి. అందుకే నేను లేబుల్ అంకెలు కూడి, హెడర్ హద్దులో 75, 80 శాతం దాటకుండా చూసుకుంటాను. 1 ఆంపియర్ హెడర్‌కి 0.8 దాటనివ్వను.

ఈ జాగ్రత్త నాకు ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. కొన్నేళ్ళ కింద పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియోకి సిస్టమ్ కట్టిచ్చాను. వాళ్ళు లైట్ల ఫ్యాన్లు కావాలన్నారు. ఒక్కోటి 0.30 ఆంపియర్లు, మొత్తం ఏడు. ఒక స్ప్లిటర్ చివర ఇంకో స్ప్లిటర్ తగిలించి అన్నీ ఒకే హెడర్‌కి పెట్టాను. 2.1 ఆంపియర్లు. మొదటిరోజు బాగానే నడిచింది, మూడు నెలలు నడిచింది. నడుస్తోంది కదా అని నేనూ దాని సంగతే మరిచిపోయాను. మే నెలలో ఒక మధ్యాహ్నం వాళ్ళ ఫోను. సిస్టమ్ పది నిమిషాలకోసారి ఆఫ్ అయిపోతోంది, రేపు పెళ్ళివాళ్ళకి వీడియో ఇవ్వాలి. వెళ్ళి పక్క ప్లేటు తీస్తే క్యాబినెట్ ఫ్యాన్లు ఏడూ ఆగిపోయి ఉన్నాయి. లోపల కాలిన వాసన. హెడర్ పక్కన గోరంత చిప్పు, దాని మీద చిన్న నల్ల మచ్చ. తీగలు బాగున్నాయి, స్ప్లిటర్ బాగుంది, ఫ్యాన్లు బాగున్నాయి. పోయింది బోర్డు మీది ఆ ముక్క ఒక్కటే. ఆ రాత్రికి ఫ్యాన్లను ఎస్ఎంపీఎస్ (సిస్టమ్ మొత్తానికి కరెంటిచ్చే పెట్టె) నుంచి నేరుగా నడిపి పని గట్టెక్కించాను. తరువాత బోర్డు నా డబ్బుతో మార్చి ఇచ్చాను, తప్పు నాదే కాబట్టి. అప్పటినుంచి లెక్క వేయకుండా ఒక్క స్ప్లిటర్ కూడా బిగించలేదు. కొన్ని బోర్డుల్లో కరెంటు ఎక్కువైతే హెడర్ తనంతట తానే ఆగిపోయే రక్షణ ఉంటుంది. చవక బోర్డులో అది ఉందని నమ్ముకోవద్దు.

ఇప్పుడు మీ 3 పిన్ ఫ్యాన్ల చిక్కు. 4 పిన్ ఫ్యాన్లూ 3 పిన్ ఫ్యాన్లూ ఒకే స్ప్లిటర్‌కి పెట్టి హెడర్‌ని పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంచారనుకోండి. 4 పిన్‌వి మాట వింటాయి. 3 పిన్ ఫ్యాన్లకి ఆ మాట వినే తీగే లేదు. వాటికి అందేది ఎప్పుడూ పూర్తి 12 వోల్టులే, కాబట్టి ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతాయి. "బయోస్‌లో ఎంత తగ్గించినా మోత తగ్గట్లేదు" అని అడిగేవాళ్ళలో చాలామంది ఇంట్లో జరుగుతున్నది ఇదే. బోర్డు చెడిపోలేదు, సెట్టింగ్ తప్పు కాదు. కలపకూడనివి కలిపారు, అంతే.

తిరగేసి డీసీ మోడ్ పెడితే? అప్పుడు వోల్టేజీయే తగ్గుతుంది కాబట్టి రెండు రకాలూ నెమ్మదిస్తాయి. 4 పిన్ ఫ్యాన్‌కి నాలుగో తీగలో సంకేతమేదీ రాకపోతే అది వచ్చిన వోల్టేజీకి తగ్గట్టు గట్టిగా తిరుగుతుంది. కాకపోతే 4 పిన్ ఫ్యాన్లలోని సర్క్యూట్ 12 వోల్టుల మీద ఆధారపడి తయారైంది. 6, 7 వోల్టుల దగ్గర కొన్ని మొదలే కావు, కొన్ని ఆగుతూ కదులుతూ ఉంటాయి. 60 శాతం కిందికి దించకుండా వాడితే నాకు ఇబ్బంది రాలేదు. బయోస్‌లో ఆటో అని ఇంకొకటి ఉంటుంది. బోర్డు తానే ఏ రకం ఫ్యానో కనిపెట్టాలని చూస్తుంది. కలగలుపు స్ప్లిటర్ మీద దాని అంచనా తప్పే అవకాశం ఎక్కువ. మోడ్ మీరే ఎంచుకోండి.

మూడో తీగ సంగతి కూడా చూడాలి. మీకిచ్చిన స్ప్లిటర్‌ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి ఫ్యాన్లు తగిలే కొనలు ఒక్కొక్కటీ చూడండి. వాటిలో ఒకదానికే నాలుగు పిన్నులూ ఉండాలి. మిగతావాటిలో మూడో పిన్ చోటు ఖాళీగానో, దానికి తీగ లేకుండానో ఉండాలి. అది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే టాక్ తీగలో రెండు సంకేతాలు పంపుతుంది. 1200 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1200 చుట్లు తిరిగితే, సెకనుకి 40 సంకేతాలు. రెండు ఫ్యాన్ల సంకేతాలు ఒకే తీగలో కలిస్తే బోర్డుకి ఏమీ అర్థం కాదు. 1200 తిరిగే ఫ్యాన్‌ని ఒకసారి 1900 అంటుంది, ఇంకోసారి సున్నా అంటుంది. కొన్ని చవక స్ప్లిటర్లలో అన్ని కొనలకీ మూడో తీగ కలిపేసి ఉంటుంది. మీది అలాంటిదైతే తిరిగిచ్చి మార్చుకోండి. మార్చకపోతే ఒక్క కొన తప్ప మిగతా కొనల్లో ఆ మూడో తీగని కత్తిరించి, చివర టేపు చుట్టండి.

కత్తిరించే ముందు రంగులు చూసి మోసపోకండి. 3 పిన్ ఫ్యాన్లలో మామూలుగా నలుపు గ్రౌండ్, ఎరుపు 12 వోల్టులు, పసుపు టాక్. 4 పిన్ ఫ్యాన్ల పాత పద్ధతిలో నలుపు గ్రౌండ్, పసుపు 12 వోల్టులు, ఆకుపచ్చ టాక్, నీలం పీడబ్ల్యూఎం. అంటే ఒకదానిలో పసుపు ఉత్త సంకేతం, ఇంకోదానిలో అదే పసుపు నిండు కరెంటు. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే మోలెక్స్ అనే పెద్ద నాలుగు పిన్నుల ప్లగ్గులో మళ్ళీ పసుపు 12, ఎరుపు 5 వోల్టులు. ఇప్పుడు వచ్చే ఫ్యాన్లలో చాలావాటికి అన్ని తీగలూ నలుపే. అందుకే రంగు వదిలేసి పిన్ స్థానం లెక్కపెట్టండి. ప్లగ్గు మీద గాడి ఉన్న వైపు నుంచి మొదటిది గ్రౌండ్, అక్కడినుంచి మూడోది టాక్.

టాక్ ఒక్క ఫ్యాన్‌దే బోర్డుకి చేరుతుంది కాబట్టి మిగతావి చచ్చినా బతికినా బోర్డుకి తెలియదు. స్ప్లిటర్ వాడుతున్నంత కాలం ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

మీ ఆరు ఫ్యాన్లూ ఎక్కడెక్కడ పెట్టాలో చెప్తాను. వెనక ఫ్యాన్‌ని సిస్టమ్ హెడర్‌కి కాకుండా సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి పెట్టండి. ఒకటికి రెండు వై కేబుల్ చాలు. నాలుగు పిన్నులూ ఉన్న కొన సీపీయూ కూలర్‌కి, మూడు పిన్నుల కొన వెనక ఫ్యాన్‌కి. ఇది తారుమారు చేయకండి. బోర్డు ఆ హెడర్ మీద వేగం చూసే కూలర్ పనిచేస్తోందని నమ్ముతుంది. వెనక ఫ్యాన్ వేగాన్ని చూపించి దాన్ని నమ్మిస్తే, కూలర్ ఆగిపోయినా హెచ్చరిక రాదు. కూలర్ ఫ్యాన్ లేబుల్ కూడా చూసి కలపండి. మామూలు కూలర్ ఫ్యాన్ 0.2, 0.3 ఉంటుంది, దానికి మీ 0.18 కలిసినా హద్దులోనే ఉంటారు. ఇలా పెట్టడంలో ఇంకో మంచి కూడా ఉంది. కూలర్ వదిలిన వేడి వెళ్ళేది ఆ వెనక దారినే. సీపీయూ వేడెక్కినప్పుడు రెండూ కలిసి వేగం పెంచుకుంటాయి.

ముందు మూడూ సిస్టమ్ హెడర్‌కి ఒకటికి మూడు స్ప్లిటర్‌తో. 0.54 ఆంపియర్లు, నిశ్చింతగా ఉండొచ్చు. బయోస్‌లో ఆ హెడర్ పీడబ్ల్యూఎం మోడ్. దీంతో రెండు వేర్వేరు వేగాలు కూడా వచ్చేశాయి, ముందువి ఒక లెక్క, వెనకది ఒక లెక్క.

మిగిలినవి పై రెండు పాత ఫ్యాన్లు. నా సలహా, మొదటి వారం వాటిని బిగించకుండానే నడపండి. నిజంగా చెప్తున్నాను. ముందు మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే మామూలు గేమింగ్ సిస్టమ్‌కి గాలి సరిపోతుంది. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే క్యాబినెట్ సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, ఫిల్టర్ లేని చోట్ల నుంచి దుమ్ము లోపలికి రాదు. మన ఊళ్ళ దుమ్ములో ఇది చిన్న లాభం కాదు. పైన ముందువైపు బయటికి లాగే ఫ్యాన్ పెడితే, ముందు ఫ్యాన్లు తెచ్చిన చల్లగాలిని సీపీయూ దాకా పోనివ్వకుండానే అది లాగేస్తుంది. నేనైతే పైన ముందు చోటు ఖాళీగా వదిలేస్తాను. వారం తరువాత ఇంకా వేడిగా అనిపిస్తే ఒక్క ఫ్యాన్ పైన వెనకవైపు పెట్టండి, బయటికి గాలి కొట్టేలా. ఫ్యాన్‌కి స్టిక్కరు, అడ్డ పుల్లలు ఉన్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది.

ఆ ఒక్కదానికి కరెంటు ఎక్కడినుంచి? రెండు దారులున్నాయి. మొదటిది సిస్టమ్ హెడర్‌నే డీసీ మోడ్‌కి మార్చి, ముందు మూడింటితో దాన్ని కలపడం. 0.54కి 0.25 కలిస్తే 0.79, నా హద్దులో అంచు మీద ఉంది. రెండు పాతవీ కలిపితే 1.04, అది కుదరదు. రెండో దారి ఎస్ఎంపీఎస్ మోలెక్స్ నుంచి 3 పిన్‌కి మార్చే చిన్న కేబుల్‌తో నేరుగా నడపడం. పూర్తి వేగం మోతగా ఉంటే మధ్యలో రెసిస్టర్ ఉన్న లో నాయిస్ అడాప్టర్ పెట్టండి. అడాప్టర్ ఒక్కో ఫ్యాన్‌కి ఒక్కోటి ఉండాలి. దాన్ని స్ప్లిటర్‌కి ముందు పెట్టి నాలుగైదు ఫ్యాన్లను దాని గుండా నడిపితే ఆ రెసిస్టర్ కాలిపోయేంత వేడెక్కుతుంది. మీకు నేను రెండో దారే చెప్తాను. ఆ ఫ్యాను ఒకే వేగంతో మెల్లగా తిరుగుతుంటుంది, మిగతా నాలుగింటికీ పీడబ్ల్యూఎం పట్టు పోదు.

ఆరూ ఉండాల్సిందే, ఆరూ మాట వినాల్సిందే అంటే మాత్రం స్ప్లిటర్ వదిలేసి హబ్ కొనండి. హబ్‌కి కరెంటు ఎస్ఎంపీఎస్ సాటా కేబుల్ (హార్డ్‌డిస్కులకి కరెంటిచ్చే కేబుల్) నుంచి వస్తుంది. మదర్‌బోర్డు నుంచి సంకేతం మాత్రమే వెళ్తుంది. కరెంటు ఒక చోటినుంచి, మాట ఒక చోటినుంచి. ఆర్కిటిక్, డీప్‌కూల్ లాంటి కంపెనీలవి పది ఫ్యాన్లు పట్టేవి దొరుకుతాయి. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టుల కోసం మూడు పిన్నులుంటాయి, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు, మొత్తం 4.5. మీ 1.22 దానికి ఒక లెక్కలోకి రాదు. హబ్ పెట్టినప్పుడు హెడర్ పీడబ్ల్యూఎం మోడ్‌లోనే ఉండాలి. డీసీలో ఉంటే సంకేతం వెళ్ళదు, ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో అరుస్తాయి. టాక్ ఒక్క పోర్టు నుంచే వెళ్తుంది, దానికి గుర్తు ఉంటుంది, ఏదో ఒక ఫ్యాను తప్పకుండా ఆ పోర్టులో పెట్టండి. 3 పిన్ ఫ్యాన్ల సంగతి ఇక్కడా అంతే, మామూలు హబ్ వాటిని తగ్గించలేదు. పీడబ్ల్యూఎం సంకేతాన్ని తీసుకుని 3 పిన్ ఫ్యాన్లకి వోల్టేజీ తగ్గించి ఇచ్చే హబ్‌లు కూడా ఉన్నాయి, కొనేటప్పుడు ఆ సంగతి పెట్టె మీద చూసి అడగండి.

హబ్‌కి సాటా కేబుల్ చాలక మోలెక్స్ నుంచి సాటాకి మార్చే అడాప్టర్ తెచ్చే పని పెట్టుకోకండి. తప్పదంటే తీగలు ఒక్కొక్కటీ విడిగా నొక్కి బిగించినవి తీసుకోండి. వెనక ప్లాస్టిక్ కరిగించి ముద్దగా పోసిన రకం మాత్రం వద్దు. ఆ ముద్ద లోపల పిన్నులు జరిగి ఒకదానికొకటి తగిలి మంటలంటుకున్న సందర్భాలు ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

మీరడగలేదు కానీ, స్ప్లిటర్ మీద పది, పన్నెండు ఫ్యాన్లు పెడితే ఇంకో ఇబ్బంది వస్తుంది. ప్రతి 4 పిన్ ఫ్యాను నాలుగో తీగని తన వైపునుంచి పైకి పట్టి ఉంచుతుంది, బోర్డు దాన్ని కిందికి లాగుతూ సంకేతం చేస్తుంది. పట్టేవాళ్ళు ఎక్కువైతే బోర్డు పూర్తిగా కిందికి లాగలేదు, ఫ్యాన్లు నెమ్మదించవు. మీ లెక్కకి ఇది వర్తించదు. మంచి హబ్‌లు మధ్యలో ఆ సంకేతానికి బలం ఇచ్చి పంపుతాయి.

లైట్ల కేబుల్ వేరు, ఫ్యాన్ కేబుల్ వేరు. ఏఆర్‌జీబీ అంటే 5 వోల్టులు, మూడు పిన్నులు. పాత ఆర్‌జీబీ అంటే 12 వోల్టులు, నాలుగు పిన్నులు. 5 వోల్టుల లైట్లని 12 వోల్టుల హెడర్‌కి పెడితే ఆ క్షణంలోనే పోతాయి.

ఇక బయోస్. ముందు ఫ్యాన్ల హెడర్‌కి ఏ ఉష్ణోగ్రతని చూసి తిరగాలో ఎంచుకునే చోటు ఉంటుంది, మామూలుగా సీపీయూ అని ఉంటుంది. ఇప్పటి ప్రాసెసర్లు బ్రౌజర్ తెరిచినా ఒక్కసారిగా 15 డిగ్రీలు పైకెక్కి మళ్ళీ దిగుతాయి. ఫ్యాన్లు దాని వెంట పడితే నిమిషానికి నాలుగుసార్లు ఊపిరి పీల్చి వదిలినట్టు మోత. మూడు ఫ్యాన్లు కలిసి అలా చేస్తే పక్కన కూర్చున్నవాళ్ళకి చిరాకు. అందుకే ముందు ఫ్యాన్లకి మదర్‌బోర్డు లేదా సిస్టమ్ ఉష్ణోగ్రత ఎంచుకోండి. సీపీయూనే ఉంచాలంటే వేగం పెంచే ముందు, తగ్గించే ముందు కొన్ని సెకన్లు ఆగే సెట్టింగ్ ఉంటుంది. పేరు ఒక్కో బోర్డులో ఒక్కోలా ఉన్నా చేసే పని అదే, దాన్ని ఎక్కువ చేయండి. గేమ్స్ ఆడేటప్పుడు వేడి వచ్చేది గ్రాఫిక్స్ కార్డు నుంచి, బయోస్‌కి అది చాలా బోర్డుల్లో కనపడదు. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు రెండింటిలో ఏది ఎక్కువ వేడిగా ఉంటే దాన్ని చూసి ఫ్యాన్లు తిప్పగలదు. అది పెడితే బోర్డు కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేయండి, ఇద్దరు డ్రైవర్లు ఒక స్టీరింగు పట్టుకోకూడదు.

మీ ఊరి ఎండని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే ఫ్యాన్ కర్వులు (ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే లెక్కలు) చల్లటి గదుల్లో కూర్చున్నవాళ్ళు పెట్టుకున్నవి. మే నెలలో ఖమ్మంలో 43, 44 దాటడం మీకు కొత్త కాదు, డాబా కింద గది రాత్రి పదింటికి కూడా 36, 37 మీద ఉంటుంది. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా క్యాబినెట్ లోపల గది కన్నా చల్లగా అవదు. 40 డిగ్రీలకే ఫ్యాన్లు పరుగందుకునే కర్వు పెడితే ఎండాకాలమంతా ఖాళీగా ఉన్నా మోతే. సీపీయూని చూసి తిరిగేదైతే నేను ఇలా పెడతాను: 55 డిగ్రీల దాకా 35 శాతం, 68 దగ్గర 50, 78 దగ్గర 75, 85కి 100. మదర్‌బోర్డు ఉష్ణోగ్రత చూసేదైతే అంకెలన్నీ ఇంతకంటే కిందే ఉంటాయి. రెండు మూడు రోజులు అది ఎక్కడ తిరుగుతోందో చూసి పెట్టుకోండి. మీకు ఎక్కువ ఫ్యాన్లు ఉండటం ఇక్కడే కలిసొస్తుంది. ఒకే రకం ఫ్యాన్ ఇంకొకటి పెడితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, వేగం పెంచితే పెరిగేది అంతకంటే చాలా ఎక్కువ. మూడు ఫ్యాన్లు 700 మీద తిరిగితే ఒకటి 1500 మీద తిరిగినదానికంటే హాయిగా ఉంటుంది.

అన్నీ బిగించాక ఒక పరీక్ష చేయండి. బయోస్‌లో ముందు ఫ్యాన్లని 20 శాతానికి దించి సిస్టమ్ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయండి. పక్క ప్లేటు తీసి, ఫోను టార్చి వేసి మూడూ తిరుగుతున్నాయో కంటితో చూడండి. తెర మీద ఆర్‌పీఎం అంకె చూసి సరిపెట్టుకోవద్దు, అది ఒక్క ఫ్యాన్‌ది. ఏదైనా కదలకపోతే 5 శాతం చొప్పున పెంచుతూ పొండి. మూడూ తప్పకుండా మొదలయ్యే అంకెకి ఇంకో 5 కలిపి, దాన్నే కింది హద్దుగా పెట్టండి. ముందు ఫిల్టర్ దగ్గర పలచటి టిష్యూ పేపరు పట్టుకుంటే అతుక్కోవాలి, వెనక ఫ్యాన్ దగ్గర ఎగిరిపోవాలి. ఒకటి తిరగబడి ఉంటే అప్పుడే తెలిసిపోతుంది.

నెలకోసారి ఫిల్టర్ దుమ్ము దులిపేటప్పుడు మళ్ళీ టార్చి వేసి స్ప్లిటర్ మీదున్న ప్రతి ఫ్యాన్‌నీ చూడండి. టాక్ తీగ లేనివి ఆగిపోతే ఏ సాఫ్ట్‌వేరూ మీకు చెప్పదు.

మీ సీపీయూ కూలర్ ఫ్యాన్ లేబుల్ మీద ఎన్ని ఆంపియర్లు ఉందో మీరు రాయలేదు. అది చూసి చెప్పండి. 0.6 కంటే ఎక్కువ ఉంటే వెనక ఫ్యాన్‌ని దానితో కలపొద్దు, సిస్టమ్ హెడర్‌కే నాలుగోదిగా మార్చేయండి. 0.72 అవుతుంది, అది కూడా హద్దులోనే ఉంటుంది.